చిన్న విమానాల్లో ఇంధన ప్రణాళిక, ఇంధనం నిండుకోవడం

సొంత పనికో, శిక్షణకో, సరదాకో ఎగిరే చిన్న విమానాల ప్రమాదాల్లో ఇంధనానికి సంబంధించినవి ఒక ప్రత్యేకమైన కోవ. రెక్క విరిగో, తుపానులో చిక్కుకునో జరిగేవి కావివి. యంత్రం బాగానే ఉంటుంది, వాతావరణమూ చాలాసార్లు బాగానే ఉంటుంది. ట్యాంకులో ఇంధనమే ఉండదు, లేదా ఉన్నది ఇంజిన్‌కు అందదు. అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి (ఎన్‌టీఎస్‌బీ) 2017లో విడుదల చేసిన హెచ్చరిక పత్రం ప్రకారం, 2011–2015 మధ్య ఆ దేశంలో ఇలాంటి ప్రమాదాలు ఏడాదికి సగటున 50కి పైగా జరిగాయి. చిన్న విమానాల ప్రమాద కారణాల్లో దీనిది ఆరో స్థానం. వాటిలో 56 శాతం ఇంధనం పూర్తిగా అయిపోయిన సందర్భాలు, 35 శాతం విమానంలో ఇంధనం ఉండి కూడా ఇంజిన్‌కు చేరని సందర్భాలు.

ఈ రెండింటినీ దర్యాప్తు అధికారులు వేరువేరుగా లెక్కిస్తారు. మొదటిదానిలో తప్పు తరచుగా నేలమీదే, బయలుదేరకముందే మొదలవుతుంది. రెండోదానిలో ఎక్కువగా గాల్లో జరుగుతుంది: ఒక ట్యాంకు ఖాళీ అయింది, పైలట్ రెండో ట్యాంకుకు మార్చలేదు, లేదా మార్చే పిడిని సగంలో వదిలేశాడు. పొలంలో దిగిన విమానం ఒక రెక్క ఎండిపోయి, రెండో రెక్కలో ఇంధనం నిండుగా కనిపించడం దర్యాప్తు నివేదికల్లో మళ్ళీ మళ్ళీ వచ్చే దృశ్యమే.

ట్యాంకు నుంచి ఇంజిన్ దాకా

ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువ సంఖ్యలో తయారైన చిన్న విమానం సెస్నా 172. దాని రెక్కలు పైలట్ తలకు పైన ఉంటాయి, ట్యాంకులు ఆ రెక్కల్లోనే ఉంటాయి. ఇంధనం తన బరువుతోనే కిందికి దిగుతుంది. ఫ్యూయల్ సెలెక్టర్ పిడికి ఎడమ, కుడి, రెండూ అనే స్థానాలున్నాయి. సాధారణంగా రెండూ అన్నచోట ఉంచేస్తారు. పైపర్ చెరొకీ కుటుంబపు విమానాల్లో రెక్క కింద ఉంటుంది కాబట్టి ఇంధనాన్ని పంపులతో పైకి లాగాలి. ఇంజిన్‌తో తిరిగే పంపు ఒకటి, దానికి తోడుగా విద్యుత్ పంపు ఒకటి. వాటి సెలెక్టర్‌కు రెండూ అనే స్థానం లేదు. ఎడమో కుడో ఎంచుకుని, కాసేపటికోసారి మారుస్తూ ఉండాలి. సెస్నాలో నేర్చుకుని పైపర్‌కు మారిన పైలట్ ఈ ఒక్క తేడా మరిచిపోతే చాలు, ట్యాంకు నిండా ఇంధనంతోనే ఇంజిన్ ఆగుతుంది.

ట్యాంకులో పట్టేదంతా వాడుకోవడానికి పనికిరాదు. 1970ల నాటి సెస్నా 172ఎన్‌లో మామూలు ట్యాంకులు రెండూ కలిపి 43 అమెరికన్ గాలన్లు, అంటే సుమారు 163 లీటర్లు పడతాయి. వాడదగినవి 40 గాలన్లే (151 లీటర్లు). మిగతాది ట్యాంకు మూలల్లో, పైపుల అడుగున మిగిలిపోతుంది. తర్వాత వచ్చిన 172ఎస్‌లో ఈ అంకెలు 56, 53. గాలన్ అన్నప్పుడు ఏ గాలన్ అన్నది కూడా చూసుకోవాలి. అమెరికన్ గాలన్ 3.785 లీటర్లు, పాత బ్రిటిష్ గాలన్ 4.546 లీటర్లు. కొలమానాల గందరగోళం పెద్ద విమానాలనూ వదల్లేదు. 1983 జులై 23న ఎయిర్ కెనడా బోయింగ్ 767లో లీటర్లను కిలోలుగా మార్చాల్సిన చోట పౌండ్ల గుణకం వాడారు. కావలసినదాంట్లో సగం కూడా లేని ఇంధనంతో బయలుదేరిన ఆ విమానం రెండు ఇంజిన్లూ ఆగిపోయి మానిటోబాలోని గిమ్లీ దగ్గర పాత రన్‌వే మీద గ్లైడర్‌లా దిగింది. కెప్టెన్‌కు నిజంగానే గ్లైడర్లు నడిపిన అనుభవం ఉండడం ప్రయాణికుల అదృష్టం.

పిస్టన్ ఇంజిన్ విమానాలు ఎక్కువగా వాడేది 100ఎల్‌ఎల్ అనే ఏవియేషన్ గ్యాసొలిన్. తేలిగ్గా గుర్తుపట్టడానికి దానికి నీలం రంగు కలుపుతారు. లీటరు బరువు సుమారు 0.72 కిలో. నీళ్ళు దానికంటే బరువు కాబట్టి ట్యాంకులోకి చేరిన వాన నీరు, తేమ అడుగున చేరతాయి. బయలుదేరే ముందు ట్యాంకు అడుగు కవాటం నుంచి కాస్త ఇంధనాన్ని పారదర్శకమైన గ్లాసులోకి తీసి వెలుతురులో చూడడం అందుకే. నీరు ఉంటే అడుగున వేరుగా కనిపిస్తుంది. రంగు నీలంగా లేకపోతే వేరే ఇంధనం పడిందన్నమాట. జెట్ ఇంధనం రంగు లేకుండానో, లేత గడ్డి రంగులోనో ఉంటుంది; పిస్టన్ ఇంజిన్‌లో పోస్తే టేకాఫ్ అయిన కొద్దిసేపటికే ఇంజిన్ చచ్చిపోతుంది. విన్యాసాల పైలట్ బాబ్ హూవర్ ష్రైక్ కమాండర్ విమానంలో ఇదే జరిగింది. ఆయన బతికి బయటపడి, ఇంధనం పోసిన కుర్రవాణ్ణి తిట్టకుండా మర్నాడు తన విమానానికి అతన్నే పొయ్యమన్నాడు. జెట్ ఇంధనపు గొట్టం మూతిని వెడల్పుగా చేసి, పిస్టన్ విమానాల ట్యాంకు నోట్లో పట్టకుండా చేసే ఏర్పాటుకు తర్వాత ఆయన పేరే పెట్టారు.

లెక్క ఎలా వేస్తారు

ఇంధన ప్రణాళికలో కష్టమైన గణితం ఏమీ లేదు. ఇంజిన్ స్టార్ట్ చేసి రన్‌వే దాకా నడపడానికి కొంత, పైకెక్కడానికి కొంత, సమతలంగా సాగే ప్రయాణానికి గంటకు ఇంత చొప్పున కొంత, చివర్లో దిగడానికి కొంత, వీటన్నిటికీ పైన రిజర్వు. 172ఎన్ హ్యాండ్‌బుక్ మొదటి పద్దుకు 1.1 గాలన్లు కేటాయిస్తుంది. ఎనిమిది వేల అడుగుల ఎత్తులో 75 శాతం శక్తితో పోతే 40 గాలన్లతో, 45 నిమిషాల రిజర్వు ఉంచుకుని, 4.1 గంటల్లో 485 నాటికల్ మైళ్ళు వెళ్ళవచ్చని అదే పుస్తకం చెబుతుంది.

ఈ అంకె వెనక రెండు షరతులున్నాయి, కొత్త పైలట్లు తరచుగా వీటిని దాటేస్తారు. ఒకటి, గాలి లేదనుకుని వేసిన లెక్క ఇది. రెండోది, పైలట్ మిక్స్చర్ పిడిని వెనక్కి లాగి ఇంధనం పాలు సరిగ్గా తగ్గించాడని పుస్తకం అనుకుంటుంది. ఎత్తుకు వెళ్ళేకొద్దీ గాలి పలచబడుతుంది కాబట్టి ఇంధనమూ తగ్గించాలి. ఆ పిడిని ముట్టుకోవడానికి భయపడి పూర్తిగా లోపలికి నెట్టి ఉంచేసేవాళ్ళు తక్కువేమీ కాదు. వాళ్ళ ఇంజిన్ పుస్తకంలో రాసిన దానికంటే గంటకు ఎంతో ఎక్కువ తాగుతుంది, అయినా వాళ్ళ కాగితం మీద మాత్రం పుస్తకం అంకే ఉంటుంది.

గాలి సంగతి ఇంకా కఠినం. గంటకు 110 నాటికల్ మైళ్ళ వేగంతో 300 మైళ్ళు వెళ్ళాలనుకుందాం. గాలి లేకపోతే 2 గంటల 44 నిమిషాలు. 25 నాట్ల (గంటకు అన్ని నాటికల్ మైళ్ళ) ఎదురుగాలి ఉంటే నేలమీద వేగం 85కి పడిపోయి 3 గంటల 32 నిమిషాలు పడుతుంది. అంటే 48 నిమిషాలు అదనం. పగటి ప్రయాణానికి చట్టం అడిగే రిజర్వు మొత్తం అరగంటే. ముందే చూసుకోని ఒక్క ఎదురుగాలి దాన్ని పూర్తిగా మింగేసి ఇంకా అడుగుతుంది. వెళ్ళేటప్పుడు నష్టపోయినది తిరుగు ప్రయాణంలో వస్తుందిలే అనుకోవడమూ పొరపాటే. 150 మైళ్ళు పోయి, అంతే దూరం వెనక్కి వస్తే, అదే గాలి ఒకవైపు ఎదురై మరోవైపు తోడైనా, మొత్తం 2 గంటల 53 నిమిషాలు పడుతుంది. తొమ్మిది నిమిషాలు ఎక్కువే. ఎందుకంటే విమానం నెమ్మదిగా కదిలే ఎదురుగాలిలో గడిపే సమయం ఎక్కువ, వేగంగా కదిలే తోడుగాలిలో గడిపే సమయం తక్కువ.

రిజర్వు అన్న మాట మనవాళ్ళకు పాత స్కూటర్ల వల్ల బాగా తెలుసు. బండి ఆగగానే కాలి దగ్గర పిడి తిప్పితే మిగిలిన పెట్రోలుతో బంకు దాకా వెళ్ళవచ్చు. చిన్న విమానంలో అలాంటి పిడి లేదు. రిజర్వు అనేది విడిగా దాచిన ఇంధనం కాదు, కాగితం మీద తీసిపెట్టిన అంకె మాత్రమే. ట్యాంకులో అది మిగతా ఇంధనంతోనే కలిసి ఉంటుంది, తనను ముట్టుకున్నామని పైలట్‌కు చెప్పదు.

మరోవైపు, ట్యాంకులు నింపేస్తే సరిపోతుందిగా అంటే ప్రతిసారీ కుదరదు. 172ఎన్ గరిష్ఠ బరువు 2,300 పౌండ్లు, దాదాపు 1,043 కిలోలు. నిండు ట్యాంకుల్లో వాడదగిన ఇంధనమే 109 కిలోలు. నలుగురు పెద్దవాళ్ళు, సామాను ఎక్కితే ఇంధనం తగ్గించుకోవలసి వస్తుంది. సీట్లు నాలుగు ఉన్నాయి కదా అని నలుగురినీ ఎక్కించుకుని, ట్యాంకులూ నింపితే బరువు మీరుతుంది. ట్యాంకులు సగం చేస్తే దూరం తగ్గుతుంది. ఇంధన ప్రణాళిక అసలు కష్టం కూడికల్లో లేదు, ఈ బేరంలో ఉంది. ఒక మిత్రుణ్ణి నేలమీద వదిలేయడమో, మధ్యలో ఎక్కడో దిగి మళ్ళీ పోయించుకోవడమో ఎవరికీ ఇష్టముండదు.

గేజి, కొలకర్ర, గడియారం

చిన్న విమానాల ఇంధన గేజీలు చాలావరకు ట్యాంకులో తేలే బెండు కదలికను సూదికి అందించే రకం. గాలి కుదుపుల్లో, మలుపుల్లో సూది ఊగుతుంది. పాత విమానాల్లో ఇంకా దారుణం. గేజి ఖాళీ అని చూపినప్పుడు తప్ప నిజం చెప్పనక్కర్లేదని చట్టంలోనే ఉందనే మాట పైలట్ల మధ్య ప్రచారంలో ఉంది. ఇది సరికాదు. సమతలంగా ఎగిరేటప్పుడు వాడదగిన ఇంధనం అయిపోయిన చోట సున్నా చూపేలా సరిచేయాలని అమెరికా నిబంధన చెబుతుంది. మిగతా చోట్ల ఇష్టం వచ్చినట్టు చూపవచ్చని ఎక్కడా చెప్పదు. ఈ అపోహ వల్ల గేజి తక్కువ చూపినప్పుడు పైలట్ దాన్ని నమ్మకుండా తన లెక్కనే నమ్ముతాడు. జరగవలసింది ఇందుకు తలకిందులు: గేజి, లెక్క విభేదిస్తే తక్కువ చూపే దాన్నే నిజమనుకోవాలి.

గేజి కంటే నమ్మదగినది గుర్తులు పెట్టిన కొలకర్ర. బయలుదేరే ముందు రెక్కనెక్కి మూత తీసి, కర్ర ముంచి చూస్తారు. విమానం వాలుగా ఉన్న నేలమీద నిలబడితే అదీ మోసం చేస్తుంది. సెలెక్టర్ రెండూ అన్నచోట ఉంటే ఎత్తున ఉన్న ట్యాంకులోది కిందున్న దానిలోకి పారుతుంది కూడా. కొలిచాక మూత గట్టిగా బిగించడం మరో సంగతి. రెక్క పైభాగంలో గాలి పీడనం తక్కువ కాబట్టి, సరిగ్గా పడని మూతలోంచి ఇంధనం బయటికి లాగేయబడుతుంది. పైలట్ లెక్క అంతా సరిగ్గానే ఉంటుంది, ఇంధనం మాత్రం దారిపొడవునా గాల్లో కలిసిపోతుంది.

ఇంజిన్‌లోకి పోయే ప్రవాహాన్ని కొలిచి ఎంత ఖర్చయిందో, ఎంత మిగిలిందో చూపే డిజిటల్ పరికరాలు ఇప్పుడు చాలా విమానాల్లో ఉన్నాయి. ఖర్చు లెక్కలో అవి గేజీల కంటే ఎంతో మేలు. కాని మొదట్లో ట్యాంకులో ఎంత ఉందో వాటికి చెప్పవలసింది పైలటే. 30 గాలన్లు ఉన్నప్పుడు 40 అని నొక్కితే ఆ పరికరం దశాంశ స్థానాలతో సహా తప్పు చెబుతుంది. మూతలోంచి పోయినదాని లెక్క దానికి అసలే తెలియదు. అందుకే పాతకాలపు పద్ధతి ఇంకా పోలేదు: బయలుదేరిన సమయం రాసుకుని, గడియారం చూస్తూ ప్రతి గంటకూ ఖర్చు తీసేయడం.

నిబంధనలు

అమెరికాలో కంటిచూపు మీద ఆధారపడి ఎగిరే విమానం, గాలినీ వాతావరణాన్నీ లెక్కలోకి తీసుకుని, దిగవలసిన చోటికి చేరాక మామూలు వేగంతో పగలు 30 నిమిషాలు, రాత్రి 45 నిమిషాలు ఎగరగలిగే ఇంధనం లేకుండా బయలుదేరకూడదు. హెలికాప్టర్లకు ఇది 20 నిమిషాలు. పరికరాల ఆధారంగా మేఘాల్లో ఎగిరేవాళ్ళకు గమ్యం, అక్కడ దిగలేకపోతే ప్రత్యామ్నాయ విమానాశ్రయం, ఆపైన 45 నిమిషాలు. సొంత విమానాల కోసం అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ పెట్టిన ప్రమాణాల్లోనూ పగటికి 30, రాత్రికి 45 నిమిషాలే. ఇవి కనీసాలు. అమెరికాలోని విమాన యజమానులు, పైలట్ల సంఘం వారి భద్రతా విభాగం ఎప్పుడూ గంట ఇంధనంతో దిగమని సలహా ఇస్తుంది. చట్టం కంటే ఈ సలహాయే పాటించదగినది. గేజీ ఊగిసలాట, గాలి అంచనాలో తేడా, ఇంజిన్ పాతబడడం అన్నీ కలిస్తే అరగంట అనేది నిజానికి పావుగంటో, అసలేమీ లేకపోవడమో కావచ్చు.

రేడియోలో చెప్పే మాటలకూ నియమం ఉంది. మినిమం ఫ్యూయల్ అంటే ఇక ఆలస్యం చేస్తే రిజర్వు ముట్టుకోవలసి వస్తుందని సమాచారం ఇవ్వడమే, అత్యవసరం కాదు. రిజర్వు తరిగే పరిస్థితి ఖాయమైతే మేడే ఫ్యూయల్ అని ప్రకటించాలి. 1990 జనవరి 25న న్యూయార్క్ దగ్గర ఇంధనం అయిపోయి కూలి 73 మంది చనిపోయిన ఏవియాంకా 52 విమాన సిబ్బంది తమ ఇంధనం తక్కువైందని, ప్రాధాన్యం కావాలని చెప్పారే గాని ఎమర్జెన్సీ అన్న మాట వాడలేదు. అది పెద్ద జెట్ విమానం. చిన్న విమానాల పైలట్లలోనూ ఈ మొహమాటం ఉంటుంది.

కొన్ని సంఘటనలు

చార్లెస్ లిండ్‌బర్గ్ పేరు అట్లాంటిక్ ప్రయాణంతో వినడమే అలవాటు. అంతకు ముందు ఏడాది, 1926 సెప్టెంబర్ 16న, సెయింట్ లూయిస్ నుంచి షికాగోకు టపా మోస్తూ పొగమంచులో చిక్కుకుని ఆయన ఇంధనం అయిపోయి పారాషూట్‌తో దూకాడు. 110 గాలన్ల ట్యాంకు కారుతోందని మెకానిక్ దాన్ని తీసేసి 85 గాలన్లది బిగించాడు, పైలట్‌కు ఎవరూ చెప్పలేదు. దూకేముందు లిండ్‌బర్గ్ ఇంజిన్ స్విచ్చులు ఆపలేదు. విమానం ముక్కు కిందికి వాలగానే మిగిలిన కొద్దిపాటి ఇంధనం కార్బురేటర్‌కు చేరి ఇంజిన్ మళ్ళీ లేచింది. ఖాళీ విమానం పారాషూట్‌కు వేలాడుతున్న ఆయన చుట్టూ చక్కర్లు కొడుతూ కిందికి దిగింది. 1927 మేలో పారిస్‌కు బయలుదేరినప్పుడు ఆయన 450 గాలన్ల సామర్థ్యంతో, పైలట్ ముందు కిటికీ కూడా లేకుండా ట్యాంకు అడ్డంపెట్టి విమానం కట్టించుకున్నాడు. ముప్ఫై మూడున్నర గంటల తర్వాత దిగేసరికి ఇంకా 85 గాలన్ల దాకా మిగిలింది.

1937 జులై 2న పసిఫిక్‌లోని హౌలాండ్ దీవిని వెతుకుతూ పైలట్ అమీలియా ఇయర్‌హార్ట్ ఇంధనం తక్కువైందని తీరరక్షక దళపు నౌక ఇటాస్కాకు రేడియోలో చెప్పింది. ఆమె, నావిగేటర్ ఫ్రెడ్ నూనన్ తిరిగి కనిపించలేదు. ఆ చిన్న దీవిని కనిపెట్టలేక ఇంధనం నిండుకుని సముద్రంలో పడ్డారన్నదే ఎక్కువమంది ఒప్పుకునే వివరణ.

గాయకుడు జాన్ డెన్వర్ 1997 అక్టోబర్ 12న కాలిఫోర్నియా తీరాన మాంటరే అఖాతంలో కూలి చనిపోయిన ఉదంతం ఇంజిన్‌కు ఇంధనం అందకపోవడానికి పాఠ్యపుస్తకంలాంటిది. కొత్తగా కొన్న లాంగ్-ఈజీ విమానం అది, ఇంట్లో కట్టిన రకం. కట్టినవాడు సెలెక్టర్ పిడిని నమూనాలో చూపిన చోట కాకుండా పైలట్ ఎడమ భుజం వెనక పెట్టాడు. గేజీలకు గుర్తులు లేవు. బయలుదేరేముందు ఇంధనం తక్కువ ఉందని తెలిసినా గంటసేపేగా ఎగిరేది అని డెన్వర్ పోయించుకోలేదు. గాల్లో ట్యాంకు మార్చడానికి వెనక్కి తిరిగినప్పుడు తెలియకుండానే కుడి రడ్డర్ పెడల్ నొక్కి అదుపు తప్పాడని ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. ఇంధనం పోయించుకోకపోవడాన్నీ, పిడి పెట్టిన చోటునూ కూడా కారణాల్లో చేర్చింది.

2015 జనవరి 25న కాలిఫోర్నియా నుంచి హవాయికి చేరవేస్తున్న ఒక సిర్రస్ ఎస్‌ఆర్22లో అదనపు ట్యాంకులోని ఇంధనం మామూలు ట్యాంకుల్లోకి మారలేదు. పైలట్ ముందే సంగతి తెలియజేసి, మావీ దీవికి సుమారు 250 మైళ్ళ దూరంలో, విమానానికే ఉన్న పారాషూట్ తెరిచి సముద్రంలో దిగాడు. దగ్గర్లో పోతున్న విహారనౌక అతన్ని ఎక్కించుకుంది. తీరరక్షక దళ విమానం ఇదంతా పైనుంచి చిత్రీకరించింది.

ఎవరికి జరుగుతుంది

అనుభవం లేనివాళ్ళకే ఇలా అవుతుందనుకుంటే పొరపాటు. ఎన్‌టీఎస్‌బీ లెక్కలో కమర్షియల్, ఎయిర్‌లైన్ స్థాయి లైసెన్సులున్న పైలట్లు 48 శాతం. ప్రైవేటు, స్పోర్ట్ పైలట్లు 50 శాతం. విద్యార్థులు కేవలం 2 శాతం. విద్యార్థి వెనక గురువు ఉంటాడు, లెక్క చూపించనిదే విమానం ఇవ్వడు. లైసెన్సు వచ్చాక అడిగేవాడు లేడు. ప్రమాదాల్లో 80 శాతం పట్టపగలు, ఆకాశం తేటగా ఉన్నప్పుడే జరిగాయి. 95 శాతం ప్రమాదాల్లో మనుషుల నిర్ణయాలు, ప్రణాళిక, ఆ విమానంతో పరిచయం వంటివి కారణాలుగా తేలాయి.

ఇంటికి చేరాలన్న ఆత్రం ఇందులో పెద్ద పాలు. గమ్యం ఇంకో ఇరవై నిమిషాలే, అక్కడ ఇంధనం చవక, మధ్యలో దిగితే పంపు మూసేసి ఉంటుందేమో. ఇలా ఒక్కో సాకు విడిగా చూస్తే సబబే. అన్నీ కలిపితే దాటిపోయిన విమానాశ్రయాలు వెనక వరుసగా మిగులుతాయి.

ఇంజిన్ ఆగితే మొదటి పని ముక్కు దించి విమానాన్ని గ్లైడ్ వేగంలో పెట్టడం. 172ఎన్‌కు అది 65 నాట్లు. ఆ వేగంలో ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకు మైలున్నర దూరం వెళ్ళవచ్చు. ఆ తర్వాత ట్యాంకు మార్చడం, విద్యుత్ పంపు వేయడం, మిక్స్చర్ చూడడం. ట్యాంకులో ఇంధనం ఉండి కూడా అందక ఆగి ఉంటే ఇంజిన్ మళ్ళీ లేవవచ్చు. నిజంగా అయిపోయి ఉంటే మిగిలింది పొలాన్ని వెతుక్కోవడమే. ఇంధనం లేదు కాబట్టి నేలను తాకాక మంటలు లేచే అవకాశం తక్కువ, కాని రాళ్ళూ కరెంటు తీగలూ అలాగే ఉంటాయి.

మన దేశంలో

భారతదేశంలో సొంత విమానాలు తక్కువ. చిన్న పిస్టన్ విమానాలు ఎక్కువగా శిక్షణ సంస్థల్లో కనిపిస్తాయి. హైదరాబాద్ బేగంపేటలోని తెలంగాణ స్టేట్ ఏవియేషన్ అకాడమీ అలాంటిదే. తెలుగు రాష్ట్రాల నుంచి శిక్షణ కోసం అమెరికాకు వెళ్ళేవాళ్ళూ ఉన్నారు. ఇక్కడి పైలట్‌కు ఒక అదనపు చిక్కు ఉంది: ఏవియేషన్ గ్యాసొలిన్ అన్ని విమానాశ్రయాల్లోనూ దొరకదు. చాలాకాలం దాన్ని దిగుమతే చేసుకున్నాం. 2022 సెప్టెంబరులో ఇండియన్ ఆయిల్ వడోదర రిఫైనరీలో తయారుచేసిన 100ఎల్‌ఎల్‌ను విడుదల చేసింది. డీజిల్ తరహా ఇంజిన్లున్న డైమండ్ విమానాలు జెట్ ఇంధనంతోనే నడుస్తాయి కాబట్టి వాటికి ఈ ఇబ్బంది లేదు. గ్యాసొలిన్ విమానం నడిపేవాళ్ళు మాత్రం దిగబోయే చోట ఇంధనం ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కుని, లేదంటే తిరుగు ప్రయాణానికి కూడా సరిపోయేలా లెక్క వేసుకోవాలి.

శిక్షణలో చేరినవారికి ఒక మాట. ట్యాంకు నింపించిన ప్రతిసారీ ఎగిరిన గంటలనూ, పట్టిన లీటర్లనూ పక్కపక్కన రాసి ఉంచండి. కొన్ని ప్రయాణాలు తిరిగేసరికి ఆ విమానం మీ చేతిలో గంటకు నిజంగా ఎంత తాగుతుందో తెలుస్తుంది. హ్యాండ్‌బుక్‌లో ఉన్నది కొత్త ఇంజిన్‌తో, నేర్పరి పైలట్ సాధించిన అంకె. మీ లెక్కకు వాడవలసింది మీరు రాసుకున్న అంకె.